మిగతా పన్నెండింటిని చూడండి

పోయిన సంచికలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వాళ్ళ ‘కనెక్షన్స్’ అనే పదాల ఆట గురించి ఒక చిన్న పేరా రాశాను. గళ్ళనుడికట్టు కూర్చేదాన్ని కాబట్టి నాకు వచ్చే ఉత్తరాలన్నీ ఎప్పుడూ అడ్డం, నిలువుల గురించే ఉంటాయి. ఈసారి మాత్రం ఎక్కువమంది ఈ ఆట గురించే అడిగారు. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం ముందుగా నియమాలు. తెర మీద పదహారు పదాలుంటాయి. నాలుగేసి చొప్పున వాటిని నాలుగు గుంపులు చెయ్యాలి. ఒక్కో గుంపులోని పదాలకు ఒక సంబంధం ఉంటుంది. అదేమిటో ముందు చెప్పరు. నాలుగు పదాలు ఎంచుకుని నొక్కాక సరైతే ఆ గుంపు రంగు వేసుకుని పైకి వెళ్తుంది, సంబంధం పేరు అప్పుడు కనిపిస్తుంది. పసుపు గుంపు తేలిక. ఆ తర్వాత ఆకుపచ్చ, నీలం. ఊదా, అంటే పర్పుల్, అన్నిటికంటే కష్టం. నాలుగో తప్పుతో ఆట అయిపోతుంది. రోజుకి ఒకటే పజిల్, మన గడియారంలో అర్ధరాత్రి దాటగానే కొత్తది వస్తుంది.

ప్రశ్న: మేడమ్, చూడగానే నాలుగు పదాలు స్పష్టంగా కనిపిస్తాయి. నొక్కితే తప్పు అంటుంది. మళ్ళీ ఇంకో నాలుగు కనిపిస్తాయి, అవీ తప్పే. రెండు నిమిషాల్లో ఆట ముగిసిపోతుంది. తెలిసిన పదాలే కదా, ఎందుకిలా అవుతోంది? (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: ఎందుకంటే ఆ నాలుగూ మీకు కనిపించాలనే అక్కడ పెట్టారు. పజిల్ కూర్చేవాళ్ళు ఆలోచించేది సరైన గుంపుల గురించే కాదు, మీరు ఏ తప్పు గుంపు వైపు వెళ్తారన్న దాని గురించి కూడా. నేను ఇంగ్లిషు పదాలతో చెప్పేకంటే, మీకోసం తెలుగులో ఒకటి కూర్చాను. చూడండి:

ఏనుగు, కోపం, తుల, వందనం,
సింహం, బంటు, ఏడుపు, సిగ్గు,
మేషం, పదిలం, గుర్రం, అలక,
కన్య, భయం, మంత్రి, లక్షణం.

ఒక్క నిమిషం ఆగి ప్రయత్నించండి. తర్వాతే కింద చదవండి.

మొదట కంటికి తగిలేవి ఏనుగు, సింహం, గుర్రం, మేషం. నాలుగు జంతువులు, లెక్క కుదిరింది, వేలు నొక్కడానికి సిద్ధంగా ఉంది. ఆగండి. ఆ నాలుగూ పోతే మిగిలే పన్నెండు పదాల్లో మంత్రి ఎక్కడికి వెళ్తాడు? బంటు ఎక్కడికి వెళ్తాడు? వాళ్ళకి తోడెవరు? చదరంగం గుర్తొచ్చిందంటే వాళ్ళకి ఏనుగు, గుర్రం కావాలని తెలుస్తుంది. తుల, కన్య రాశులు, వాటికి సింహం, మేషం కావాలి. అంటే జంతువుల గుంపు అసలు లేనేలేదు. రెండు గుంపుల నుంచి రెండేసి పదాలు తెచ్చి పక్కపక్కన నిలబెట్టారంతే.

రెండో ఉచ్చు ఇంకో రకం. కోపం, భయం, సిగ్గు, అలక, ఏడుపు. మనసులో పుట్టేవి, ముఖంలో కనిపించేవి. కానీ ఐదున్నాయి! ఐదు కనిపించాయంటే ఒకటి వేరేవాళ్ళది. ఏది? ఈ ఐదింటినీ చూస్తూ కూర్చుంటే ఎప్పటికీ తెలియదు. మిగిలిపోయిన మూడింటిని చూడాలి: వందనం, పదిలం, లక్షణం. అర్థంలో వీటికి ఏ సంబంధమూ లేదు. అర్థంలో లేకపోతే అక్షరాల్లో ఉండాలి. వంద, పది, లక్ష. ఇక నాలుగోది ఏడుపే, అందులో ఏడు ఉంది.

నేను ఈ ఆట గురించి చెప్పగలిగింది ఒక్కటే ఉందంటే అది ఇదే. నొక్కే ముందు మీరు ఎంచుకున్న నాలుగింటిని చూడకండి, మిగతా పన్నెండింటిని చూడండి. ఐదోది కనిపిస్తోందా? ఒంటరిగా మిగిలిపోతున్నది ఏదైనా ఉందా? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు వచ్చేదాకా వేలు తెర మీద పెట్టవద్దు. ఆటలో గడియారం లేదు. తొందరపెట్టేది మన అలవాటు మాత్రమే.

ప్రశ్న: నేను తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిషు వార్తలు అర్థమవుతాయి కానీ అమెరికా వాళ్ళ బేస్‌బాల్ జట్లు, టీవీ షోలు, వాళ్ళ బిస్కెట్ల పేర్లు నాకెలా తెలుస్తాయి? ఆడటం మానేద్దామా అనిపిస్తోంది. (పేరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: మానకండి. మీ ఇబ్బంది నిజమైనదే. ఈ ఆట న్యూయార్క్ టైమ్స్ పత్రికది. అమెరికాలో పెరిగినవాళ్ళకి తెలిసినవన్నీ అందరికీ తెలుసనుకునే రోజులు అందులో ఉంటాయి. అలాంటి రోజున ఓడిపోతే అది మీ తెలివికి సంబంధించిన విషయం కాదు.

కానీ తెలియని పదాలతోనూ ఆడొచ్చు. పదహారులో మీకు బొత్తిగా కొరుకుడు పడనివి ఒక మూడు ఉన్నాయనుకోండి. అవి ఒకే గుంపువి అయ్యే అవకాశం ఎక్కువ. మీకు తెలియని ఒక ప్రపంచం నుంచి వచ్చాయి కదా, నాలుగూ అక్కడివే అయ్యుంటాయి. వాటిని పక్కన పెట్టి తెలిసిన పదమూడింటి మీద కష్టపడండి. మూడు గుంపులు తేలితే నాలుగోది దానంతటదే తేలుతుంది. సంబంధమేమిటో తెర మీద చూసి, ఓహో ఇది ఫలానా జట్ల పేర్లా అని తెలుసుకుంటారు. ఆ రకం గుంపు మళ్ళీ ఎదురైనప్పుడు కొత్తగా ఉండదు.

ఇంకో సంగతి. పదం రూపాన్ని గమనించండి. ఒక గుంపులో పదాలు సాధారణంగా ఒకే జాతివి అయ్యుంటాయి. మూడు క్రియలు దొరికాయంటే నాలుగోది కూడా క్రియగా పనికొచ్చేదే వెతకాలి. మీకు నామవాచకంగా మాత్రమే తెలిసిన పదం ఇంగ్లిషులో క్రియ కూడా కావచ్చు. ‘బుక్’ పుస్తకమే కాదు, టికెట్ బుక్ చెయ్యడం కూడా. ‘టేబుల్’, ‘చెయిర్’, ‘షెల్ఫ్’ బల్ల, కుర్చీ, అర అనుకుని ఫర్నిచర్ గుంపు కట్టే ముందు ఇది గుర్తుంచుకోండి. సభకి అధ్యక్షత వహించడాన్ని చెయిర్ అనే అంటారు, ఒక పనిని అటకెక్కించడాన్ని షెల్ఫ్ చెయ్యడం అంటారు.

నిఘంటువు చూడటం మోసం అవుతుందా అని మీ ఉత్తరం చివర అడిగారు. నా దృష్టిలో కాదు. పదానికి అర్థం చూడటం చదువు. ఈ రోజు జవాబులు ఏమిటని వెతకడం వేరు, అది చేస్తే ఆట మీది కాకుండా పోతుంది. నిఘంటువులో మొదటి అర్థం దగ్గర ఆగిపోకుండా నాలుగో, ఐదో అర్థం దాకా చదవండి. పజిల్ కూర్చేవాళ్ళు దాక్కునేది అక్కడే.

ప్రశ్న: ‘వన్ అవే’ అని వచ్చిందంటే మూడు సరైనవి, ఒకటి తప్పు అని తెలుసు. వెంటనే ఒకటి మార్చి కొడతాను. నూటికి తొంభైసార్లు అదీ తప్పే. దీనికేమైనా లెక్క ఉందా? (ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: ఉంది బాబూ, నీకు నచ్చే లెక్కే. పదహారు పదాలూ తెర మీద ఉన్నప్పుడు ‘వన్ అవే’ వచ్చిందనుకో. తీసెయ్యాల్సింది నాలుగింటిలో ఏదో ఒకటి. దాని బదులు రావాల్సింది మిగతా పన్నెండులో ఒకటి. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. నీకు తెలిసిన సమాచారం చాలా అనిపిస్తుంది కానీ గుడ్డిగా మారిస్తే నలభై ఎనిమిది దారులున్నాయి. అందుకే వెంటనే మార్చడం కాదు, ఆ గుంపుని అక్కడే వదిలేసి వేరే గుంపు వెతకడం మేలు. ఇంకో గుంపు తేలిపోతే ఆ పన్నెండు కాస్తా ఎనిమిది అవుతాయి, పైగా అందులో నీ నాలుగింటిలోని దొంగ కూడా బయటపడొచ్చు.

ఎనిమిది పదాలు మిగిలినప్పుడు జరిగేది ఇంకా బావుంటుంది. ఎనిమిదిని రెండు గుంపులు చెయ్యడానికి ముప్ఫై ఐదు మార్గాలున్నాయి. నువ్వు నాలుగు కొట్టావు, తప్పని వచ్చింది, ‘వన్ అవే’ కూడా వచ్చింది. ఇప్పుడు మిగిలినవి పదహారు మార్గాలు. అదే ‘వన్ అవే’ రాలేదనుకో, అప్పుడు చాలామంది ఏమీ తెలియలేదని నీరసపడతారు. కానీ తెలిసింది! నువ్వు ఎంచిన నాలుగులో సరిగ్గా రెండు ఒక గుంపువి, రెండు ఇంకో గుంపువి. వేరే అవకాశమే లేదు. ఆ నాలుగింటినీ రెండు జంటలుగా ఎలా విడదీయవచ్చో చూడు, మూడే పద్ధతులున్నాయి. ఆ మూడింటిని ఒక్కొక్కటిగా నోటితో చదువు. ఏదో ఒక జంట దగ్గర సంబంధం తట్టేస్తుంది. తెర ఏమీ చెప్పకపోవడం కూడా ఒక కబురే.

మొత్తం పదహారు పదాలని నాలుగు గుంపులు చెయ్యడానికి ఎన్ని మార్గాలో కూడా అడిగావు. 26,27,625. ఒక గుంపు తేలగానే అది 5,775కి పడిపోతుంది, రెండో గుంపుతో 35కి. ఆటలో కష్టమంతా మొదటి గుంపులోనే ఉందని దీన్నిబట్టి నీకే అర్థమవుతుంది. మొదటిది నూటికి నూరుపాళ్ళు నమ్మకం కలిగాకే కొట్టు.

ప్రశ్న: షఫుల్ బటన్ నొక్కితే లాభం ఉంటుందా? (గృహిణి)

జవాబు: ఉంటుంది. అది నొక్కితే తెర మీద పదాల చోట్లు మారిపోతాయి. పక్కపక్కన ఉన్న పదాలని మన కన్ను ఊరికే కలిపేస్తుంది. కలిపేయాలనే వాటిని అలా పేరుస్తారు కూడా. పజిల్ తెరవగానే ఒకసారి, ఎక్కడైనా ఆగిపోతే ఇంకోసారి నొక్కండి. దానికి తప్పుల లెక్కేమీ లేదు.

ప్రశ్న: పసుపు, ఆకుపచ్చ వరకు సొంతంగా చేస్తాను. నీలం ఒక్కోసారి. పర్పుల్ గుంపు మాత్రం ఎప్పుడూ చివర్లో మిగిలిన నాలుగు నొక్కడం వల్లే వస్తుంది. సంబంధం చూశాక కూడా ‘ఇలా ఎవరాలోచిస్తారు’ అనిపిస్తుంది. దానికి బుర్రని ఎలా తయారు చేసుకోవాలి? (ఒక నర్సు)

జవాబు: పర్పుల్‌ని అర్థంతో వెతకడం మానెయ్యాలి. మిగతా మూడు రంగులూ ఎక్కువగా ‘ఈ పదాలు దేని గురించి’ అన్న ప్రశ్నకి జవాబులు. పర్పుల్ ‘ఈ పదాలు ఎలా తయారయ్యాయి’ అన్న ప్రశ్నకి జవాబు. ఈ తేడా తెలిస్తే సగం దూరం వచ్చినట్టే. దాని వేషాలు మరీ ఎక్కువ కూడా కావు. నేను గమనించినవి చెబుతాను.

అన్నిటికంటే తరచుగా కనిపించేది ఖాళీ పూరించేది. ఫేస్, హ్యాండ్, నోట్, టెక్స్ట్. నాలుగింటి వెనకా ‘బుక్’ చేర్చండి. వీటి పక్కన ఫుట్, చిన్ అనే పదాలు పెట్టారంటే ముఖం, చెయ్యి, పాదం, గడ్డం అనుకుని శరీరభాగాల వైపు పరుగెత్తుతాం. ఏ పదమైనా ఎక్కడా ఇమడకపోతే దాని ముందొకటి, వెనకొకటి మాట తగిలించి చూడండి. బాల్, బుక్, లైట్, హౌస్, బోర్డ్ లాంటివి నోట్లో ఆడుతూ ఉండాలి.

రెండోది వినికిడికి సంబంధించినది. దీన్ని కళ్ళతో ఎంతసేపు చూసినా పట్టుకోలేం. సముద్రానికి వాడే సీ, తాగే టీ, తేనెటీగకి వాడే బీ, కంటికి వాడే ఐ. తెర మీద స్పెల్లింగులతో చూస్తే సముద్రం, టీ, తేనెటీగ, కన్ను, ఎక్కడా పొంతన లేదు. పైకి చదవండి. నాలుగూ ఇంగ్లిషు అక్షరాలే! అందుకే నేను ఈ ఆటని మౌనంగా ఆడవద్దంటాను. పక్కన ఎవరున్నా సరే, పదాలని నోటితో పలకాలి. మీరు డ్యూటీలో విరామంలో ఆడతానని రాశారు, కనీసం పెదవులు కదపండి.

మూడోది కడుపులో దాచుకునేది. ఎడ్యుకేషన్, ఆపరేషన్, కాంబాట్, ప్యాంట్స్. స్పెల్లింగు రాసి చూస్తే మొదటిదాంట్లో పిల్లి, రెండోదాంట్లో ఎలుక, మూడోదాంట్లో గబ్బిలం, నాలుగోదాంట్లో చీమ, అదే క్యాట్, ర్యాట్, బ్యాట్, యాంట్ దొరుకుతాయి. ఇలాంటి గుంపుకి ఒక వాసన ఉంటుంది. మిగతా పదాలన్నీ పొట్టిగా, రోజువారీగా ఉండి, ఒకటో రెండో మాత్రం పొడుగ్గా, అక్కడ ఎందుకున్నాయో తెలియనట్టు ఉంటే అనుమానించండి. అంత పొడుగు పదాన్ని ఊరికే తీసుకురారు, దాని కడుపులో ఉన్నదాని కోసం తెస్తారు.

ఒక అక్షరం మార్చడం, తీసెయ్యడం, తిరగరాయడం లాంటివి కూడా ఉన్నాయి. పై మూడూ అలవాటైతే అవి వాటంతటవే కనిపిస్తాయి.

ఇక మీరు ‘మిగిలిన నాలుగు నొక్కడం వల్లే వస్తుంది’ అన్నారు. ఇక్కడ నాదో అభ్యర్థన. ఎనిమిది మిగిలినప్పుడు నీలం గుంపు తెలిసిపోయినా వెంటనే నొక్కకండి. మిగతా నాలుగింటి సంబంధం ఏమిటో ముందు చెప్పుకోండి, తర్వాత నొక్కండి. ఆట ఇది అడగదు. కానీ పర్పుల్‌ని పట్టుకునే చూపు వచ్చేది ఆ కాసేపట్లోనే. నొక్కేశాక జవాబు చదివితే ఆశ్చర్యపోతాం, ముందే ఆలోచించి చదివితే నేర్చుకుంటాం.

ప్రశ్న: ఇది టీవీ క్విజ్ నుంచి కాపీ కొట్టిందని మా స్నేహితుడు వాదిస్తున్నాడు. నిజమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: పోలిక ఉన్నమాట నిజం. బ్రిటన్‌లో బీబీసీలో ‘ఓన్లీ కనెక్ట్’ అనే క్విజ్ 2008 నుంచి వస్తోంది, విక్టోరియా కోరెన్ మిచెల్ నడుపుతారు. అందులో ‘కనెక్టింగ్ వాల్’ అనే రౌండులో పదహారు ఆధారాలని నాలుగు గుంపులు చెయ్యాలి. న్యూయార్క్ టైమ్స్ ఆట 2023 జూన్‌లో ప్రయోగాత్మకంగా మొదలైంది, వైనా లూ దాని సంపాదకురాలు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న తీర్పు నేను చెప్పను. ఆడేవాళ్ళకి పనికొచ్చే తేడా ఒకటి చెబుతాను. టీవీలో రెండున్నర నిమిషాలే సమయం, పైగా గుంపు కట్టాక సంబంధమేమిటో నోటితో చెప్పాలి, దానికి విడిగా మార్కులు. పత్రిక ఆటలో సమయం లేదు, చెప్పాల్సిన పనీ లేదు. నర్సుగారికి పైన ఇచ్చిన సలహా ఆ టీవీ నియమమే.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. నా మనవరాలు రెండు నిమిషాల్లో ముగిస్తుంది. నాకు ముప్పావుగంట పడుతుంది, అయినా కొన్ని రోజులు ఓడిపోతాను. నాకు మతి తగ్గుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ ఆట రోజూ ఆడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ భయం తీసి పక్కన పెట్టండి. ఈ ఆట మతిమరుపుకి పరీక్ష కాదు. మీ మనవరాలికి ఇంగ్లిషు పాటలు, షోలు, ఫోన్‌లో తిరిగే మాటలు రోజూ చెవిన పడుతుంటాయి, కాబట్టి కొన్ని గుంపులు తనకి ఆలోచించకుండానే తెలిసిపోతాయి. మీకు ఆలోచిస్తే తెలుస్తాయి. ముప్పావుగంట సేపు పదహారు పదాల మీద మనసు నిలిపి కూర్చోగలుగుతున్నారంటే నాకు అది మంచి వార్తలాగే ఉంది.

జ్ఞాపకశక్తి పెరుగుతుందని మాత్రం మీకు మాట ఇవ్వలేను. పజిళ్ళు చేస్తే పజిళ్ళు బాగా చెయ్యగలుగుతాం, అంతవరకు నాకు ఖాయంగా తెలుసు. తెలిసిన దారి మర్చిపోవడం, వేసుకున్న మందు మళ్ళీ వేసుకోవడం, దగ్గరివాళ్ళ పేర్లు తట్టకపోవడం లాంటివి ఉంటే ఆటతో సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించుకోండి. అవేమీ లేకపోతే హాయిగా ఆడుకోండి.

ఒక మాట మీతో చెప్పాలనిపిస్తోంది. మనవరాలితో పోటీగా కాకుండా, కలిసి ఒకే పజిల్ ఆడి చూడండి. తనకి మాటల వాడుక తెలుసు, మీకు వ్యాకరణం తెలుసు. ‘ఈ నాలుగింటిలో మూడు నామవాచకాలే, నాలుగోది కాదు’ అని మీరు అనగానే తన వేలు ఆగుతుంది చూడండి. ఆ పిల్లకి కావలసింది ఆ ఆగడమే.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. మీ శీర్షిక చదివి తెలుగులో తనే ఒక పజిల్ తయారు చేసింది. పంపుతున్నాను, ఎలా ఉందో చెప్పండి. తెలుగులో ఇలాంటివి కుదురుతాయా అసలు?

నది, చెవి, నూరు, పాడు,
పది, ఏరు, మెడ, సెలయేరు,
ముక్కు, నాలుగు, వాగు, భుజం,
ఎనిమిది, చెయ్యి, కాలువ, తొమ్మిది.

(ఒక తల్లి)

జవాబు: చూడగానే నాకు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను. ఎనిమిదో తరగతి పిల్లకి ఇది ఎవరూ చెప్పకుండా తట్టిందంటే గొప్ప విషయం. నీళ్ళు పారేవి, అంకెలు, శరీరభాగాలు అని మూడు గుంపులు చూపిస్తూ, నాలుగోది లోపల దాచింది: పాడు, నూరు, వాగు, చెయ్యి. అన్నీ ఎదుటివాళ్ళని ‘ఇది చెయ్యి’ అని పురమాయించే మాటలు. పాట పాడు, పచ్చడి నూరు, ఊరికే వాగు, పని చెయ్యి. ఒక్క ‘పాడు’ మాత్రం ఏ గుంపులోనూ ఇమడకుండా ఒంటరిగా నిలబడింది. తాళం చెవి అదే. పాపకి ఈ సంగతి తెలిసే పెట్టిందనుకుంటున్నాను.

కుదురుతాయా అని అడిగారు. ఇంగ్లిషులో కుదిరేవన్నీ కుదరవు. మనం పలికినట్టే రాస్తాం కాబట్టి వినికిడి మీద ఆడే పర్పుల్ గుంపు తెలుగులో దాదాపు అసాధ్యం. కానీ మన భాషకి ఉన్న సౌకర్యం మీ పాప కనిపెట్టేసింది. తెలుగులో క్రియాధాతువు చాలాచోట్ల ఉకారంతో ముగుస్తుంది, అదే రూపం ‘నువ్వు’ అని పురమాయించడానికి కూడా సరిపోతుంది. నామవాచకాలు కూడా బోలెడు ఉకారంతోనే ముగుస్తాయి. కాబట్టి ఒకే మాట అటు పేరుగా, ఇటు పనిగా నిలబడగలదు. ఇంకొకటి విరుపు, నేను పైన పదిలంలో పది దాచినట్టు. నానార్థాలైతే చెప్పనక్కర్లేదు. పన్ను నోట్లోనూ ఉంటుంది, ప్రభుత్వానికీ కడతాం.

ఇప్పుడు పజిల్‌లో సరిదిద్దవలసినవి. ఇది పాపకి నిదానంగా చెప్పండి, ఎందుకంటే కూర్చేవాళ్ళు తప్పక నేర్చుకోవలసింది ఇదే. పజిల్‌కి ఒకే ఒక్క జవాబు ఉండాలి. నీళ్ళ గుంపులో నది, కాలువ, సెలయేరు, ఏరు, వాగు అని ఐదున్నాయి. ఒకటి బయటికి వెళ్ళాలి. వాగు వెళ్తుందని పాప ఉద్దేశం. కానీ ‘ఏరు’ కూడా వెళ్ళగలదు కదా! బియ్యంలో రాళ్ళు ఏరు అంటాం. ఏరుని పంపి వాగుని ఉంచినా పజిల్ పూర్తవుతుంది. ఆడేవాళ్ళు ఎంత ఆలోచించినా రెండింటిలో ఏదో తేల్చుకోలేరు, చివరికి నాణెం ఎగరేసినట్టు కొట్టాలి. అది ఆడేవాళ్ళకి అన్యాయం.

ఇంకొకటి నాకు కూడా కాసేపటికి గానీ కనిపించలేదు. శరీరభాగాల్లో మెడ, చెవి, భుజం, ముక్కు, చెయ్యి ఉన్నాయి. చెయ్యి బయటికి వెళ్తుంది, బాగానే ఉంది. కానీ ‘ముక్కుతూ మూలుగుతూ’ అంటాం కదా? ముక్కు కూడా క్రియే! కాబట్టి అక్కడా రెండు దారులున్నాయి. రెండూ కలిపితే ఈ పజిల్‌కి నాలుగు జవాబులు అవుతున్నాయి.

మందు చాలా చిన్నది. ఏరు తీసి జలపాతం పెట్టండి, ముక్కు తీసి గడ్డం పెట్టండి. అప్పుడు ఒక్కో గుంపులో రెండు ముఖాలున్న మాట ఒక్కటే మిగులుతుంది: వాగు, నూరు, చెయ్యి. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. పది, నాలుగు, ఎనిమిది, తొమ్మిది క్రియలు కావు, నూరు ఒక్కటే రెండు పడవల మీద కాలుపెట్టింది. ‘మూడు’ని వాడకపోవడం మంచిదైంది. ‘వాడికి మూడింది’ అంటాం కాబట్టి అదీ క్రియ అయ్యేది.

తర్వాతి పజిల్‌కి పాపకి ఒక పద్ధతి చెప్పండి. కష్టమైన గుంపుతో మొదలుపెట్టాలి. ముందు రెండు ముఖాల మాటలు ఒక నాలుగు పోగెయ్యాలి, తర్వాత ఒక్కో మాట రెండో ముఖం చూసి దానికి తోడు గుంపు అల్లాలి. అంతా అయ్యాక పదహారు మాటలనీ చీటీల మీద రాసి, జవాబు తెలియని ఒకరికి ఇవ్వాలి. వాళ్ళు తప్పు గుంపు కడుతుంటే దిద్దకుండా, ఎందుకలా కట్టారో అడిగి రాసుకోవాలి. వాళ్ళ కారణం సబబుగా ఉండి, మిగతా పన్నెండూ కూడా కుదిరిపోతుంటే మాట మార్చాల్సిందే. పన్నెండు కుదరకపోతే అది మంచి ఉచ్చు, దాన్ని అలాగే ఉంచాలి.

సరిదిద్దిన పజిల్‌ని తన చేతిరాతతో పంపమనండి. గళ్ళనుడికట్టు పక్కన చోటు ఉంచుతాను.